మోటారుకారు కొయ్యచక్రమును మన వడ్రంగి కట్టవచ్చునా?

మన సంఘసభ్యులలో కొందఱు ఈ నడుమ నొక ప్రశ్న వేయుచున్నారు. నూఱేండ్లనాటి మోటారుకార్లను బాగుచేయించి, ఉత్సవములందును ప్రదర్శనములందును నడుపుకొను శ్రీమంతులు నేడు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములందున్నారు. ఆ కార్లలో పెక్కింటికి కొయ్యయాకుల చక్రములే కలవు. అవి కాలక్రమమున ఎండి, సడలి, చివికిపోవుచున్నవి. వానిని తిరిగి కట్టగల చేతులు పట్టణములందు దొరకుట యరిది. ఎద్దులబండి చక్రమును కట్టనేర్చిన వడ్రంగి మన పల్లెలలో నింకను అక్కడక్కడ మిగిలియున్నాడు. ఈ పనిని అతడు చేపట్టవచ్చునా? చేపట్టినచో రైతుల సహకార సంఘమునకు అందు కలుగజేసికొనవలసిన యవసరమేమి?

మా యభిప్రాయమును మొదటనే చెప్పుదుము. ఈ పనిని మన వడ్రంగి చేయగలడు, చేయవలయును. అయితే ఎద్దులబండి చక్రపు కొలతలతోను, పంట కళ్లమునకు వచ్చిన నాటి తొందరతోను దానిని చేయరాదు. అట్లు చేసినచో ప్రాణములకే ముప్పు. ఈ రెండు చక్రముల భేదమును తెలియజేయుటకును, తగిన కొయ్యను నిలువచేయుటకును సంఘము పూనుకొనవలయును. పూనుకొన నొల్లనిచో ఈ పనిని ముట్టకుండుటయే మేలు.

చక్రమును చూడని రైతు లేడు గాని చక్రమును విప్పి చూచిన రైతులు తక్కువ. మన బండిచక్రమునకు నడుమ నొక గుండ్రని దుంగ యుండును. దానిని పెద్దలు నాభి యనిరి. నాభికి తొలిచిన బెజ్జములలో నాకులు దిగియుండును. ఆకుల వెలికొనలు వంపుచెక్కలలో దిగును. సామాన్యముగా ఆకులు 12, వంపుచెక్కలు 6. ఒక్కొక్క చెక్కకు రెండేసి యాకులు. వీనియన్నిటిపైని ఇనుపపట్టా. ఇందు మేకునకు గాని బంకకు గాని పని లేదు. అన్నిటిని నిలుపునది బిగువు. బిగువు తప్పిననాడు ఎంత మంచి కొయ్యయైనను వంటచెఱకే.

ఈ నిర్మాణము మిక్కిలి ప్రాచీనము. ఆకుల చక్రములకు దొరకిన మిక్కిలి పాతవగు నానవాళ్లలో ఉరల్ పర్వతముల దాపున, క్రీస్తునకు పూర్వము 2000 ప్రాంతపు సమాధులలోనివి చేరును. దూరమేల, మన వల్లూరినే చూడుడు. 13వ శతాబ్దమున కాయస్థ అంబదేవుడు వల్లూరు రాజధానిగా నేలెను. ఆ కాయస్థులు కాకతీయుల కొలువున సాహిణులై, అనగా గుఱ్ఱపుదళములకు నాయకులై, పైకి వచ్చినవారు. గుఱ్ఱములున్నచోట దాణాబండ్లుండవలయును, దాణాబండ్లున్నచోట వడ్రంగియు కమ్మరియు నుండి తీరవలయును. ఏ శాసనమును వారి పేళ్లను చెప్పకపోవచ్చును, వారు లేక ఆ దళములు మాత్రము ఒక్క మజిలీయైనను నడచియుండవు.

ఇక కొయ్య మాట. మన సీమలో బండిచక్రమునకు నల్లతుమ్మను మించినది లేదని పెద్దలు చెప్పుచువచ్చిరి, అది నిజము. చేవ గట్టిది, బరువైనది, దెబ్బకు ఓర్చునది. అయితే కొట్టిన తుమ్మను ఊరక ఎండలో వేసినచో పగులును, పురుగు పట్టును. అందువలననే దుంగలను కొన్ని నెలలు నీట నానవేసి, పిమ్మట నీడను ఆరబెట్టుట పూర్వాచారము. నీట నానినపుడు కొయ్యలోని పిండిపదార్థము చాలవఱకు కరగిపోవును గనుక పురుగునకు మేత తగ్గును. నీడనెండుటకు అంగుళము మందమునకు ఏడాది చొప్పున వేచియుండవలెనని ఒక కొలత కలదు. ఇదంతయు ఓపికతో గూడిన పని. నేడు వడ్రంగి యొద్ద నంత పెట్టుబడి లేదు. మూడేండ్ల తరువాత పనికివచ్చు దుంగను నేడు కొని పెట్టుకొనుమని పూట గడుపుకొనువానితో ననుట ధర్మము గాదు. సంఘము కలుగజేసికొనవలసిన మొదటి చోటిదియే; దీనిని గూర్చి మరల చెప్పెదము.

పాత అమెరికా కార్ల యాకులకు వాడినది హికరీ యను కొయ్య. ఇది ఆ దేశపు అడవిచెట్టు. గొడ్డళ్ల కామలకు గూడ దానిని వాడుదురు. ఏలయన దెబ్బ తగిలినపుడు విఱుగక వంగి, మరల నిలుచును. బాగుగా నెండిన హికరీయు, మన నల్లతుమ్మయు ఘనపు మీటరునకు సుమారు 800 కిలోల బరువు తూగును. కావున మన కొయ్య తక్కువదని చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. తుమ్మతో చిక్కు వేఱొకటి. ఆ చెట్టు వంకరటింకరగా పెరుగును. రెండడుగుల పొడవున ముడి లేని తిన్నని ముక్క దొరకుట కష్టము. ఇచ్చట నొక యనుకూలము గూడ గలదు. ఎద్దులబండి యాకు పొడవైనది; పాతకారు యాకు అడుగు పొడవునకు మించుట యరుదు. బండికి చాలని పొట్టి ముక్కలు కారుకు చాలును. అయితే ఆ పొట్టి ముక్కను రంపముతో కోయరాదు. గొడ్డలితో చీల్చి, పొర ఏ దారిని పోవునో ఆ దారినే బాడిసెతో చెక్కవలయును. రంపము పొరను చూడదు, గీతను మాత్రమే చూచును. పొర అడ్డముగా తెగిన యాకు చూపునకు నున్నగానుండి, గోతిలో పడిననాడు తుంపునకు తుంపుగా విఱుగును.

మన కొండలలోని చిరిమాను ఇరుసులకును పనిముట్ల కామలకును పేరుపడినది. ఆంగ్లేయులు దానికి ఇరుసుకొయ్య యనియే పేరు పెట్టిరి. దానినిగూడ పరీక్షింపవచ్చును గాని, అటవీశాఖవారి డిపోలో వేలమున కొన్న కొయ్యనే వాడవలెను. కడప కొండల ఎఱ్ఱచందనమును గూర్చి యెవరైన చెవిలో నూదినచో ఆ మాటను వినకుండుడు. అది చక్రపు టాకులకు కావలసిన కొయ్యయు గాదు, చెఱసాలకు దగ్గఱ దారియు నగును.

కొయ్యపని ముగిసిన తరువాత కమ్మరి చేతికి వచ్చును. పట్టా తొడుగుట మనయూళ్ల చిన్నపిల్లలు కూడ పరుగెత్తి చూచెడి పనిగా నుండెను. పట్టాను చక్రముకంటె రవంత చిన్నదిగా అతికి, నేలపై పఱచి, చుట్టును పిడకలు పేర్చి కాల్చుదురు. 5 అడుగుల యడ్డుకొలతగల పట్టా చుట్టుకొలత సుమారు 15 అడుగుల 8 అంగుళములు. దానిని 400 డిగ్రీలమేర వేడిచేసినచో చుట్టుకొలత అంగుళమునకు కొంచెము తక్కువగా పెరుగును. ఆ క్షణమున పటకారులతో నలుగురెత్తి, చక్రముపై దింపి, కొయ్య అంటుకొనకముందే నీళ్లు పోయుదురు. ఇనుము ముడుచుకొని వంపుచెక్కలను లోనికి నొక్కును. అవి యాకులను నాభిలోనికి నొక్కును. కీళ్లన్నియు కిఱ్ఱుమని మూసికొనును. పట్టా ఎంత చిన్నదిగా నుండవలెనో నిర్ణయించుటలోనే కమ్మరి నేర్పంతయు నున్నది. చాలనిచో చక్రము సడలును. మించినచో ఆకులు వంగి చక్రము గొడుగువలె తిరుగబడును. ఈ లెక్కను కాగితముపై వ్రాసికొన్న కమ్మరిని మేము చూడలేదు. చేతిలో నున్నది చేతితోనే పోవును, పోవుచున్నది కూడ.

ఇప్పుడు మోటారు చక్రమును చూతము. చూపునకు అదియు నిదియు నొకటే: ఆకులు, నేమి, చుట్టును పట్టా. నడుమ నున్నది మాత్రము వేఱు. మోటారుచక్రమునకు కొయ్య నాభి లేదు. ఆకుల లోపలి కొనలను మేకుమూతివలె ఏటవాలుగా చెక్కి, ఒకదాని ప్రక్క నొకటి చేర్చగా, రాతికమానులోని రాళ్లవలె అవి యొండొంటిని అదుముకొని నిలుచును. వానిని రెండు ఉక్కుబిళ్లల నడుమ నుంచి బోల్టులతో బిగింతురు. 1830 మొదలు లండను వీథులలో ఆవిరిబండ్లను నడపిన వాల్టర్ హాంకాక్ ఇట్టి చక్రమును వాడెను. పిమ్మట ఫిరంగిబండ్లకు దీనిని తీసికొనిరి. గుఱ్ఱములు ఫిరంగిని లాగుకొని వేగముతో మలుపు తిరుగునపుడు ప్రక్కకు తోయు బలమునకు మామూలు బండిచక్రములు నిలువకపోవుటయే అందులకు కారణము. ఆంగ్లమున దానికి ఫిరంగిచక్రమను పేరే స్థిరపడెను. ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వఱకు కోటిన్నరకు మించి చేసిన టీ నమూనా కార్లలో చాల భాగము ఈ జాతి కొయ్యచక్రములమీదనే నడచినవి. ఒక్కొక్క చక్రమునకు 12 ఆకులు, మన బండికున్నన్నియే.

లెక్క యొకటే గదా యని మన వడ్రంగి తొందరపడరాదు. మూడు భేదములు గలవు. అందు మొదటిది అన్నిటికంటె ముఖ్యమైనది, పెక్కుమందికి తోచనిది.

ఎద్దు బండిని లాగునపుడు కాడిని లాగును, కాడి నొగలను, నొగలు ఇరుసును లాగును. చక్రము ఇరుసుమీద స్వేచ్ఛగా తిరుగును. ఎవరును దానిని త్రిప్పుట లేదు. నేల దానిని దొర్లించుచున్నది. కావున బండిచక్రపు టాకు మోయునది బరువును, ప్రక్కపోటును మాత్రమే. మోటారుకారు వెనుకచక్రము అట్టిది కాదు. అక్కడ ఇంజను ఇరుసును త్రిప్పును. ఇరుసు చక్రపు నడుమభాగమును మెలిపెట్టును. ఆ మెలిని నేలవఱకు చేర్చువి ఆకులే. బ్రేకు వేసినపుడు అదే మెలి తిరుగబడి వచ్చును. ఫోర్డు కారులో వెనుకచక్రపు బ్రేకు డ్రమ్మును ఆకులకే బోల్టులతో బిగించిరి. ఒక బోల్టుబెజ్జము గుండ్రము తప్పినచో బ్రేకు వేసిన ప్రతిసారియు ఆ యాకు కొంచెముగా నలుగును. మన వడ్రంగి తాతముత్తాతలనాటి నుండియు నేర్చిన విద్యలో ఈ మెలికి చోటు లేదు, అక్కఱయు లేకుండెను.

రెండవది వేగము. నిండుబండి టన్ను బరువును రెండు చక్రములమీద మోయును. చిన్న పాతకారు మనుష్యులతో గూడ టన్నునకు దగ్గఱగా నుండి, నాలుగు చక్రములపై నిలుచును. బరువు లెక్కను చూచిన బండిచక్రమే గొప్పది. కాని ఎద్దు గంటకు 4 కిలోమీటర్లు నడచును, కారు 40 పోవును. వేగము 10 రెట్లయినచో ఆ బరువులోని యుద్ధృతి 100 రెట్లగును. బండి గోతిలో దిగిన ఎద్దు నిలుచును, తోలువాడు దిగి భుజమిచ్చును. కారు గోతిలో దిగి యాకు విఱిగినచో దిగుటకు వ్యవధి యుండదు.

మూడవది కొలత. బండిచక్రమున ఒక యాకు కుసి బెజ్జమున రవంత వదులైనను పట్టా నొక్కుడు కొంత సవరించును. కారుచక్రమున 12 ఆకుల ఏటవాళ్లు కలిసి ఒక నిండుచుట్టు కావలయును, అనగా ఒక్కొక్కటి సరిగా 30 డిగ్రీలు. ఒక్కొక్క యాకు అర మిల్లీమీటరు తక్కువైన 12 ఆకులకు 6 మిల్లీమీటర్ల సందు ఏర్పడును. ఆ సందును రంపపుపొట్టును బంకను కలిపి పూడ్చి, పైన రంగు వేసినచో ఎవరికిని కనబడదు. మేము చూచిన యొక పాతకారు చక్రములకు నగరపు కార్ఖానా యొకటి చేసిన చికిత్స యిదియే. రంగు మాత్రము అద్దమువలె మెఱయుచుండెను. ఒక్క వేసవి గడచునప్పటికి ఆకుల మొదళ్లయొద్ద రంగు పగిలి, చక్రము కదలిన ప్రతిసారియు కిఱ్ఱు కిఱ్ఱుమని మొఱపెట్టెను. ఆ యజమానుడు దానిని ఇంజను చప్పుడనుకొనుచుండెను.

వేసవి యన్న మాట వచ్చినది గనుక మన సీమ యెండను గూర్చి గూడ చెప్పవలయును. కొయ్య తడిని పీల్చినపుడు అడ్డముగా ఉబ్బును, ఎండినపుడు అడ్డముగా ముడుచుకొనును. నిలువున మాఱు భేదము మిక్కిలి స్వల్పము. ఆకు కుసి బెజ్జమున వదులగుట ఇందువలననే. చెన్నపట్టణపు సముద్రగాలిలో బిగువుగానున్న చక్రము వల్లూరి వైశాఖమున సడలిపోవచ్చును. ఎండ 40 డిగ్రీలు దాటు నెలలు మన రైతునకు క్రొత్త గావు. ఆ నెలలలో బండిని చెఱువునకు దింపి చక్రములను తడుపుట మనవారి వాడుక. బండికి అది పూటగడుపు చిట్కాగా చెల్లినది. కారుచక్రమునకు మాత్రము ఈ చికిత్స చేయరాదు. నీట నానిన కొయ్య ఉక్కుబిళ్లల నడుమ ఉబ్బుటకు చోటులేక తన నారను తానే నలుపుకొనును. ఎండిన పిమ్మట మునుపటికంటె వదులుగా నగును. లోపలి బోల్టులు త్రుప్పుపట్టి, ఆ త్రుప్పు ప్రక్కనున్న కొయ్యను తినును. నూనెలో నానవేయుటయు ఇట్టిదే. సడలిన చక్రమునకు విప్పికట్టుట తప్ప వేఱు మందు లేదు.

ఇట్లే ఒక్క యాకు విఱిగినపుడు ఆ యొక్కటియే మార్చి యిమ్మని కారు యజమానులు అడుగుదురు. వడ్రంగి ఒప్పుకొనరాదని మా దృఢమైన యభిప్రాయము. 11 పాత యాకులు 90 ఏండ్లుగా నలిగి, ఎండి, తమలో తాము సర్దుకొనియున్నవి. వాని నడుమ క్రొత్తదొకటి చేరినచో, వదులుగానున్న పాతవాని భారమంతయు దానిమీదనే పడును. ఒకటి విఱిగెనన్న మిగిలినవి గూడ వయసుచెల్లినవనియే యర్థము. చేసినచో 12 చేయవలయును, లేదా చక్రమును తిరిగి పంపవలయును.

నేమి విషయమున గూడ నొక హద్దు పెట్టుకొనుట మంచిది. పాత ఫోర్డు కార్లకు కొయ్యనేమిని రెండు అర్ధవలయములుగా ఆవిరిలో వంచి చేసిరి. మన వడ్రంగి వంపుచెక్కను వంచడు; పెద్దచెక్కనుండి వంపుగా కోయును. బండికి ఆఱు ముక్కలగుటచే అది చెల్లును. కారున అట్లు కోసినచో కొనలయొద్ద పొర తెగి బలహీనమగును. ఆవిరి పెట్టెను నడపుట నేర్చువఱకు మనవారు ఉక్కునేమిగల చక్రములనే పట్టుకొనవలయును. 1920 తరువాతి కార్లలో అట్టివి చాలగలవు. వానికి ఆకులు మాత్రమే కొయ్యవి.

ఇక రెండవ ప్రశ్న: శ్రీమంతుల వేడుకతో రైతుల సంఘమునకేమి పని? ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. సంఘము ధనము ఎరువులకును విత్తనములకును ఉద్దేశింపబడినది. శనగకాయ ధర పడిపోయిన యేడు కారుచక్రములను గూర్చి మాటలాడుట కొందఱికి వినోదముగా దోచును. మేమును మొదట అట్లే ఆలోచించితిమి గాని, లెక్క చూడగా వేఱుగా తోచినది.

మన బండ్లు ఎక్కడికి పోయినవి? ఒకనాడు ప్రొద్దుటూరి ప్రత్తి, కడప పసుపు, యెఱ్ఱగుంట్ల నాపరాయి బండ్లమీద కదలినవే. 1871లో మదరాసు నుండి రాయచూరు వఱకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట కూడ కమలాపురము, ముద్దనూరు స్టేషనులకు సరకును చేర్చినవి బండ్లే. పిదప రబ్బరుటైరు బండి వచ్చెను. దానికి ఆకులు లేవు. పిమ్మట ట్రాక్టరు వచ్చెను. దానికి ఎద్దులే లేవు. నేడు మన జిల్లాలో ఎద్దులు బండ్లకంటె పందెములలో బండలనే యెక్కువ లాగుచున్నవని చెప్పిన అతిశయోక్తి కాదు. దీనినిగూర్చి మేము విలపించుటలేదు. ట్రాక్టరు వలన రైతునకు కలిగిన మేలును కాదనువారు ఆరునెలలు మడకను తోలి చూడవలయును. అయినను చక్రమును కట్టు విద్య మాత్రము రైతు ధాన్యముతో పెరిగిన విద్య. బండి పోగా ఆ వడ్రంగి తలుపులును గడపలును చేయుచున్నాడు. అవియు ఇప్పుడు కార్ఖానాల నుండి సిద్ధముగా వచ్చుచున్నవి. అతని కొడుకు బెంగుళూరు దారి పట్టినాడు. కొద్దిమంది శ్రీమంతుల వేడుకయైనను, ఆ విద్యకు నేడు తగిన వెలయిచ్చి కొనువారు వారే. మన చేనేత మాత్రము గొనువారందఱు బీదవారా?

పైగా ఇందు రైతునకు నేరుగా దక్కునది యొకటి కలదు. అది తుమ్మచెట్టు. 1870ల చివర వంటచెఱకుకొఱకని విదేశపు తుమ్మను, నేడు మనము సర్కారుతుమ్మ యనునదానిని, మన కమలాపురము ప్రాంతముననే నాటిరి. భారతదేశమున దానిని మొదట నాటిన తావులలో మనదొకటి. అది నేడు వంకలను గట్లను ఆక్రమించి, నల్లతుమ్మకు నిలువ నీడ లేకుండ చేసినది. నల్లతుమ్మకు కట్టెల వెలయే దొరకినంతకాలము దానిని పెంచుమని రైతునకు చెప్పి ప్రయోజనము లేదు. చక్రపు కొయ్యగా నమ్మిన వెల వేఱు. గట్టున పది నల్లతుమ్మలున్న రైతు దానిని బిడ్డ పెండ్లి నాటి సొమ్ముగా భావించు రోజు మరల రావచ్చును. చెట్టు కొట్టుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ననుసరించి అనుమతి తీసికొనుట మాత్రము మఱువరాదు.

ఈ వేడుక నాలుగునాళ్లలో చల్లారునేమో యనువారికి ఒక మాట. కేంద్రప్రభుత్వము 2021లో పాతవాహనముల నమోదునకు ప్రత్యేక నియమములు చేసినది. 50 ఏండ్లు దాటి, మొదటి రూపమును పోగొట్టుకొనని వాహనములకు వేఱుగా నమోదు కలదు. క్రొత్త నమోదునకు 20,000 రూపాయలు, పదేండ్ల గడువు. బాడుగకు త్రిప్పరాదు, ప్రదర్శనములకును పందెపుయాత్రలకును నడపవచ్చును. ఇంత ఖర్చు పెట్టి పూర్వరూపమును కాపాడుకొనువారు కొయ్యచక్రమును తీసి ఉక్కుచక్రమును తగిలింప నిచ్చగింపరు.

సంఘము చేయవలసిన పనులలో మొదటిది కొయ్యకొట్టు. ఏటేట కొన్ని తుమ్మదుంగలను సభ్యులయొద్ద కొని, నానవేసి, చీల్చి, కొట్టిన నెలను ఏడును ముక్కమీద వ్రాసి నీడను పేర్చవలయును. మూడేండ్లు ముట్టరాదు. వడ్రంగి తనకు కావలసిన ముక్కలను తూకమున తీసికొని, పని డబ్బు వచ్చిన పిమ్మట చెల్లించును. సహకారమనగా ఇదియే గదా. ఒక్కని చేత కాని యోపికను పదిమంది కలిసి పట్టుట.

పనిముట్ల మాటకు వచ్చినచో, ఆకులను చుట్టుగా నిలిపి నొక్కుటకు ఒక నొక్కుడుయంత్రమును, కోణములను కొలుచు ఉక్కు కొలబద్దలును కావలయును. వీనికి సంఘధనమును ముట్ట నక్కఱలేదు. 2023 సెప్టెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున వడ్రంగులును కమ్మరులును చేరియున్నారు. పనిముట్లకు 15,000 రూపాయల సహాయము, నూటికి 5 వడ్డీపై మొదట లక్ష, దానిని తీర్చిన పిమ్మట రెండు లక్షల వఱకు ఋణము దానియందు గలవు. మన వడ్రంగులకు ఆ దరఖాస్తులను వ్రాసిపెట్టుట సంఘపు గుమాస్తాకు ఒక పూట పని. ఒక వడ్రంగియు ఒక కమ్మరియు జతగా చేరినచో, కావలసిన యంత్రమును ఇద్దఱును కలిసి కొనవచ్చును.

కూలి విషయమున మాకు గట్టి పట్టు కలదు. ఈ పనిని గుత్తకు ఒప్పుకొనరాదు. గుత్త యన్నచో తొందర, తొందర యన్నచో రంపపుపొట్టు, బంక. దినకూలియే కావలయును, అదియు నేర్పరికి తగినట్టిది. నడుమ దళారి చేరినచో చక్రమునకు అతడు పుచ్చుకొను వెల యొకటి, వడ్రంగికి ముట్టునది యొకటి. ఆ బేరమును సంఘమే చేసి, యజమానునితో వ్రాతమూలముగా ఒడంబడిక చేసికొనవలయును. అందు కొయ్య యేదో, ఎన్నడు కొట్టినదో, ఎవరు కట్టిరో వ్రాసి, చక్రపు నడుమ ఉక్కుబిళ్లపై ఒక సంఖ్యను ముద్రవేయవలయును. చక్రమును అప్పగించు ముందు ఒక్కొక్క యాకును సుత్తితో తట్టి చూడవలయును. బిగువైనది గణగణమనును, వదులైనది దబ్బుమనును; చెవికి తెలియని భేదము కాదు. మొదటి వందల కిలోమీటర్లలో బోల్టులు కొంత సడలుట సహజము గనుక, ఆ దూరము నడచిన పిమ్మట మరల తెచ్చి బిగింపించుకొనుట యజమానుని విధిగా ఒడంబడికలోనే చేర్పవలయును.

మొదటి యేడు చక్రములేవియు చేయకుండుటయే మంచిదని మా సలహా. దుంగలు నానుచుండగా, వడ్రంగికి కారుచక్రపు పాత ముక్కల నిచ్చి విప్పి చూడనిచ్చుడు. రెండవ యేడు ప్రదర్శనశాలలో నిలిచియుండు, రోడ్డునకెక్కని కార్ల చక్రములను కట్టనిండు. అవి రెండు వేసవులు నిలిచిన పిమ్మట రోడ్డుకార్ల మాట తలపెట్టవచ్చును. దీనిని ఆలస్యమనువారుందురు. చక్రము మీద కూర్చుండువారు తొందరపడవచ్చును గాని, దానిని కట్టువాడు తొందరపడరాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమును కోరుచున్నాము. గట్లపై నడుము లావు మించిన నల్లతుమ్మలున్న సభ్యులు, వాని లెక్కను సర్వేనంబరుతో గూడ కార్యదర్శికి ఉగాదిలోపల తెలుపవలయును. పట్టా తొడుగుట తెలిసిన కమ్మరులు మీ యూళ్లలో నెవరైననున్నచో, వారి పేళ్లనుగూడ వ్రాసి పంపుడు. వారిలో చాలమంది పెద్దవయసువారు.